మామిడిపండు లేని పేజీ

ఒక రచయిత తన నవలలో నాయకుడి చేతికి మామిడిపండు ఇచ్చాడు. ఆ నాయకుడు అప్పటికే చిక్కి సగమయ్యాడు. దగ్గు, జ్వరం, నిద్రపట్టని రాత్రులు. ఏమీ తినబుద్ధి కాదు. అలాంటి మనిషి మామిడిపండు కనిపించగానే పసివాడిలా సంబరపడి తిన్నాడని రచయిత రాసుకున్నాడు. రసం మోచేతిదాకా కారితే నాకేసుకుంటూ పెరిగినవాళ్లం మనం. ఆ సంబరం ఎలాంటిదో మనకొకరు చెప్పక్కర్లేదు. చదివితే చప్పున నమ్మేస్తాం.

ఒక చరిత్రకారుడు మాత్రం అడ్డుపడ్డాడు. ఆయన మామిడిపండు తిని ఉండడానికి వీల్లేదు, మామిడి అమెరికా గడ్డ మీదికి రావడానికి అప్పటికింకా కొన్నేళ్లు ఉంది అని కబురు పంపాడు.

ఆ రచయిత గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్. నాయకుడు సిమోన్ బొలీవర్. అడ్డుపడినవాడు వెనిజులా చరిత్రకారుడు వినీసియో రొమేరో మార్తీనెస్. ఈ సంగతి మనకి చెప్పింది కూడా మార్క్వెజే. 1989లో వచ్చిన ‘ది జనరల్ ఇన్ హిస్ లాబిరింత్’ నవల చివర, తనకి సాయపడినవాళ్లకి కృతజ్ఞతలు చెప్పుకుంటూ, తాను చేసిన తప్పులు కూడా పూసగుచ్చినట్టు చెప్పాడు.

ఈ మామిడిపండు నన్ను చాలాకాలంగా వదలడం లేదు. ఎందుకంటే ఇదే మార్క్వెజ్ అంతకు ముందు ‘వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్’లో ఒక అందమైన అమ్మాయిని ఆరేసిన దుప్పట్లతో సహా ఆకాశంలోకి పంపించేశాడు. ఎవరూ అడ్డుపడలేదు, ఆయనా సంజాయిషీ ఇవ్వలేదు. మనిషిని గాల్లోకి లేపిన చెయ్యి ఒక్క మామిడిపండు దగ్గర ఎందుకు ఆగింది? నిజంగా బతికిన ఒక విప్లవకారుడి మీద నవల రాసేటప్పుడు కల్పన ఎక్కడిదాకా పోవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది ఈ పూట మీతో మాట్లాడాలనుకున్నాను. ఆ మాటకి దారి ఈ పండులోంచే ఉంది.

బొలీవర్ గురించి నాలుగు ముక్కలు. 1783లో కరాకస్‌లో, కలవారి ఇంట్లో పుట్టాడు. స్పెయిన్ రాజరికం మీద యుద్ధం చేశాడు. ఈనాటి వెనిజులా, కొలంబియా, ఈక్వడార్, పెరూ, బొలీవియా దేశాల స్వాతంత్ర్యం ఆయన పేరుతోనే ముడిపడి ఉంది. అన్నీ కలిపి ఒకే పెద్ద దేశం చెయ్యాలని కలగన్నాడు. ఆ కల ఆయన కళ్ల ముందే ముక్కలైంది. 1830 మే 8న, అధికారం వదులుకుని, బొగోటా నగరం నుంచి బయల్దేరాడు. మాగ్దలేనా నది మీదుగా సముద్రతీరానికి చేరి, అక్కడ ఓడ ఎక్కి యూరప్ వెళ్లిపోవాలని ఆలోచన. ఓడ ఎక్కలేదు. అదే ఏడాది డిసెంబరు 17న శాంతా మార్తా దగ్గర ఒక చెరుకు తోటలోని ఇంట్లో కన్నుమూశాడు. వయసు 47.

నవల ఈ చివరి ప్రయాణాన్నే పట్టుకుంది. ఐదు దేశాల యుద్ధాలున్నాయి. ఆండీస్ పర్వతాలు దాటిన సైన్యం ఉంది. విజయోత్సవాలున్నాయి. అవన్నీ వదిలేసి, ఓడిపోయిన మనిషి పడవలో కూర్చుని కిందికి కొట్టుకుపోతున్న రోజుల్ని ఎందుకు ఎంచుకున్నట్టు? కారణం రచయితే చెప్పాడు. బొలీవర్ జీవితంలో అన్నిటికన్నా తక్కువ కాగితం మిగిలిన కాలం అది. జీవితకాలంలో పదివేలకు పైగా ఉత్తరాలు చెప్పి రాయించి ఉంటాడనుకునే మనిషి, ఆ ప్రయాణంలో రాయించినవి మూడో నాలుగో. వెంట ఉన్నవాళ్లెవరూ నది మీద గడిచిన ఆ పద్నాలుగు రోజుల గురించి రాసిపెట్టలేదు.

అంటే రచయిత చరిత్ర గోడలో ఒక కిటికీ వెతుక్కున్నాడు. గోడ పగలగొట్టలేదు. ఈ తేడా నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. ఉన్న ఆధారాన్ని తోసేసి దాని జాగాలో కల్పనని కూర్చోబెట్టడం ఒక పని. ఆధారం ఏమీ మిగలని చోట దీపం పెట్టుకుని కూర్చుని, ఇక్కడ ఏం జరిగి ఉంటుందని ఆలోచించడం మరో పని. రెండింటినీ మనం కల్పన అనే ఒక్క పేరుతోనే పిలుస్తాం గానీ, మొదటిది రాసేవాళ్లకి సులువు, రెండోది ప్రాణం తీస్తుంది.

నిజంగానే తీసింది. నది తనకి చిన్నప్పటినుంచీ తెలుసు, పదకొండుసార్లు దాని మీద ప్రయాణం చేశాను, చరిత్రతో పెద్దగా పని ఉండదు అనుకున్నాడు మార్క్వెజ్. మొదటి అధ్యాయం మొదలుపెట్టాక బొలీవర్ ఏం తొడుక్కునేవాడో, ఎలా మాట్లాడేవాడో ఒక చిన్న సంగతి చూసుకోవలసి వచ్చింది. అది ఇంకో పుస్తకానికి దారి తీసింది, అది మరోదానికి. రెండేళ్లపాటు ఒకదానితో ఒకటి పొసగని పత్రాల ఊబిలో దిగబడ్డానని చెప్పుకున్నాడు. బొలీవర్ దగ్గర పనిచేసిన ఐరిష్ సైనికాధికారి ఓ'లీరీ పేరుతో ఉన్న సంపుటాలే 34. అసలు ఈ ప్రయాణం మీద రాయాలన్న ఆలోచన మార్క్వెజ్‌ది కూడా కాదు. మిత్రుడు, కవి అల్వరో ముతీస్ ఎన్నాళ్లుగానో రాయాలనుకుని, ఒక ముక్క మాత్రం రాసి ఆపేసిన కథ. మార్క్వెజ్ ఏళ్ల తరబడి ఆగి, అప్పుడు అడిగి తీసుకున్నాడు. పుస్తకం ముతీస్‌కే అంకితం ఇచ్చాడు.

తప్పులు ఎలాంటివి దొరికాయో వినండి. ఒక సైనికుడు తాను పుట్టకముందే యుద్ధం గెలిచాడు. ఒక వితంతువు భర్తతో కలిసి యూరప్ వెళ్లింది. ఒకచోట బొలీవర్, ఆయనకి కొడుకులాంటి సేనాని సుక్రే కలిసి భోజనం చేశారు, తీరా చూస్తే ఆ వేళకి ఒకరు కరాకస్‌లో, ఇంకొకరు కీటోలో ఉన్నారు. ఇవన్నీ అచ్చుకి వెళ్లకముందే ఏరేశారు. ఏరినవాళ్ల పేర్లన్నీ రచయిత పుస్తకంలోనే అచ్చువేయించాడు. మన నవలల్లోనూ ఇలాంటి ఒక్క పేజీ చివర ఉంటే ఎంత బాగుండునో అనిపిస్తుంది నాకు. వడ్రంగి పెట్టె మూత తీసి పనిముట్లు చూపించినట్టు ఉంటుంది.

సరే, చరిత్రకారుడు చెయ్యలేని పని నవలాకారుడు ఏం చేస్తాడు? సుక్రే సంగతే తీసుకోండి. 1830 జూన్ 4న బెరుయెకోస్ అడవిదారిలో ఆయన్ని కాల్చి చంపారు. బొలీవర్ తన తర్వాత దేశాన్ని ఎవరి చేతిలో పెట్టాలనుకున్నాడో ఆ మనిషిని. ఆ వార్త బొలీవర్‌కి చేరింది జూలై మొదట్లో. చరిత్ర పుస్తకంలో ఈ రెండు తేదీలూ పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో ఒక కామా. కన్ను ఆ కామాని దాటడానికి అర సెకను పట్టదు. కానీ ఆ మనిషి దాదాపు నెల రోజులు ఆ కామాలో బతికాడు. లేచాడు, పడుకున్నాడు, సుక్రే ఉన్నాడన్న ధీమాతోనే రేపటి గురించి ఆలోచించాడు. తెలియకపోవడం ఎలా ఉంటుందో పత్రాలు చెప్పవు. ఎందుకంటే పత్రాలన్నీ తెలిసిన తర్వాత రాసినవి. ఆ నెల రోజుల్లో మనల్ని కూర్చోబెట్టగలిగేది నవల ఒక్కటే.

నవల కూర్చున్న చోటు కూడా గమనించండి. జనరల్ వెంట ఆయన పాత సేవకుడు హొసే పలాసియోస్ ఉంటాడు. కల్పిత పాత్ర అనుకునేరు, నిజంగా ఉన్నవాడే. బానిసగా పుట్టినవాడు, చదువు రానివాడు. స్నానం చేయించాడు, రాత్రిళ్లు దగ్గు విన్నాడు. జనరల్స్ జ్ఞాపకాలు రాశారు, రాయబారులు రాశారు, డాక్టరు రాశాడు. అందరికన్నా ఎక్కువ చూసినవాడు ఒక్క అక్షరం రాయలేదు. నవల మొదటి దృశ్యమే, తొట్టి నీళ్లలో కళ్లు తెరుచుకుని తేలుతున్న యజమానిని చూసి ఈ సేవకుడు పోయాడనుకుని భయపడడం. చరిత్ర ఎవరి సాక్ష్యం తీసుకోలేదో ఆయన పక్కనే రచయిత తన పీట వేసుకున్నాడు.

పుస్తకం వచ్చాక కొందరు మండిపడ్డారు. దేశపితని రోగిష్టిగా, నోరు పారేసుకునేవాడిగా, బట్టల్లేకుండా చూపిస్తావా అని. కోపం నాకు అర్థమవుతుంది. ప్రతి ఊరి కూడలిలో గుర్రం మీద కత్తి దూసి ఉన్నవాడు ఇక్కడ నిలబడడానికి ఊతం వెతుక్కుంటున్నాడు. చిత్రకారులు ఏళ్లు గడిచేకొద్దీ ఆయన రంగుని తెల్లబరుస్తూ, ముక్కుని రోమన్ విగ్రహంలా సాగదీస్తూ పోయారు. మార్క్వెజ్ ఆయన నల్ల పూర్వీకుల ఛాయని, ఉంగరాల జుట్టుని, కరీబియన్ ముఖాన్ని తిరిగి ఇచ్చాడు. ఇక్కడ నవలే చరిత్రకి దగ్గరగా ఉంది. కూడళ్లలోని విగ్రహాలే కల్పన.

అయితే దుప్పటి తొలగించి రోగాన్ని చూపించినంత మాత్రాన విప్లవకారుడు మనిషైపోడు. జాలి కలిగించడం సులువు. కష్టమైన పరీక్ష వేరే ఉంది. 1817లో మనుయెల్ పియార్ అనే తన సొంత సేనానికి బొలీవర్ హయాంలో మరణశిక్ష పడింది. పియార్ మిశ్రమ జాతివాడు. నల్లవాళ్లలో, మిశ్రమ జాతివాళ్లలో ఆయనకి పలుకుబడి ఉంది. జాతుల మధ్య యుద్ధం రేపుతున్నాడని నేరం మోపారు. అంగోస్తూరాలో అక్టోబరు 16న తుపాకులతో కాల్చి చంపారు. అభిమానంతో రాసే రచయిత అయితే దీన్ని దాటవేస్తాడు, లేకపోతే నాయకుడి చేత నాలుగు కన్నీటిబొట్లు రాల్పిస్తాడు. మార్క్వెజ్ జనరల్ ఆ రోజుని మరిచిపోడు, కానీ క్షమాపణా అడగడు. ఈ రోజు మళ్లీ వచ్చినా అదే చేస్తాననే అంటాడు. చదివి పుస్తకం మూసి పక్కన పెట్టాను. ఆ వాక్యం తర్వాత నాకు ఆయన్ని ప్రేమించడం కష్టమైంది, నమ్మడం సులువైంది.

పేరులో ఉన్న లాబిరింత్ అంటే దారి చిక్కని కట్టడం. మనకి వెంటనే తట్టేది పద్మవ్యూహం. కానీ పద్మవ్యూహాన్ని శత్రువు పన్నాడు, అభిమన్యుడు లోపలికి పోయాడు. బొలీవర్ చిక్కుకున్న వ్యూహంలో గోడలు చాలావరకు ఆయన కట్టుకున్నవే. తన రాజ్యాంగం, తన నియంతృత్వం, తాను పెంచిన సేనానులు. చనిపోవడానికి నెల ముందు ఒక సేనానికి రాసిన ఉత్తరంలో, విప్లవానికి సేవ చెయ్యడమంటే సముద్రాన్ని దున్నడమేనన్న నిరాశ ఉంది. ఉత్తరం నిజమైనది. ఇంత బరువైన మాట నవలాకారుడు సొంతంగా కల్పిస్తే అతిశయమనేవాళ్లం.

ఇక్కడ మీలో కొందరికి ఒక సందేహం రావచ్చు. కల్పన మనకేం కొత్త? శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేదు. అయినా ‘మాయాబజార్’ని గుండెల్లో పెట్టుకున్నాం, ఎవరం పేచీ పెట్టలేదు. నిజమే. కానీ పురాణానికి వెయ్యి గొంతులున్నాయి. ఒకరు అల్లిన పిట్టకథ పక్కన ఇంకొకరిది నిలబడుతుంది, మూలం ఎక్కడికీ పోదు. నిజంగా బతికిన మనిషికి అంత రక్షణ లేదు. గట్టిగా చెప్పిన ఒక్క కథ ఆ మనిషి జీవితాన్ని మింగేయగలదు. రోమ్ మీద తిరగబడిన బానిస స్పార్టకస్‌ని చూడండి. ఆయన గురించి రోమన్ కాలం నుంచి మిగిలింది కొద్ది పేజీలు. ఆయన శవం కూడా దొరకలేదని ఆనాటి చరిత్రకారుడు అపియన్ రాశాడు. 1951లో హోవర్డ్ ఫాస్ట్, ఎర్రవాళ్లంటూ అమెరికాలో వేటాడుతున్న రోజుల్లో జైలుకి వెళ్లొచ్చి నవల రాశాడు. ప్రచురణకర్తలు భయపడితే సొంతంగా అచ్చువేసుకున్నాడు. ఆ నవలని నేను ఎంతో ఇష్టంగా చదివాను. కానీ ఈ రోజు ఎవరినడిగినా స్పార్టకస్ అంటే చెప్పేది, నేనే స్పార్టకస్‌నంటూ బానిసలు ఒక్కొక్కరే లేచి నిలబడే దృశ్యం. అది 1960 నాటి సినిమాది. చరిత్రలో లేదు. నిజంగా జరిగినది, కాపువా నుంచి రోమ్ దాకా దారి పొడవునా ఆరువేల మందిని శిలువ వెయ్యడం, అంతమందికి గుర్తులేదు.

బొలీవర్‌కి కాగితాలెక్కువ. మన దగ్గర కాగితాలు లేని వీరులు ఎక్కువ. ఆసిఫాబాద్ అడవుల్లో గోండుల భూమి కోసం నిలబడిన కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. ఆయన రాయించిన పదివేల ఉత్తరాలు లేవు. ఆ తర్వాత గోండుల గోడు ఏమిటో తెలుసుకోవడానికి ప్రభుత్వం పెట్టిన మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ రాసినదుంది, సర్కారు వైపు మాట ఉంది. భీం మాట మిగిలింది పాటల్లో, ముసలివాళ్ల జ్ఞాపకాల్లో. సాహు, అల్లం రాజయ్య కలిసి ‘కొమురం భీం’ నవల రాసినప్పుడు వాళ్ల ముందున్న పని మార్క్వెజ్ పనికి తలకిందులు. మార్క్వెజ్ కాగితాల గుట్టలో ఒక ఖాళీ వెతికాడు. వీళ్లు ఖాళీలోంచి ఒక మనిషిని లేపాలి. నవలే దాదాపు రికార్డు అయ్యే పరిస్థితి. అస్సాం తేయాకు తోటలకి పోయి పనిచేసి తిరిగొచ్చిన భీం ఈ రోజు మనందరికీ తెలుసు. అందులో జనం జ్ఞాపకం ఎంత, నవల కూర్పు ఎంత అని విడదీయడం కష్టం. వాళ్లు రాయకపోతే చాలామందికి ఆ పేరే తెలిసేది కాదన్నది కూడా అంతే నిజం. అందుకే కాగితం లేని వీరుడి మీద రాసేవారి బాధ్యత ఇంకా పెద్దదంటాను. బొలీవర్ గురించి తప్పు రాస్తే దిద్దడానికి 34 సంపుటాలున్నాయి. భీం గురించి తప్పు రాస్తే దిద్దేదెవరు? 2022లో ‘ఆర్ఆర్ఆర్’ సినిమా భీంనీ అల్లూరినీ స్నేహితుల్ని చేసింది. కల్పనేనని తీసినవాళ్లే చెప్పారు. అయినా 1924లోనే అమరుడైన అల్లూరికి భీంతో పరిచయం లేదని పిల్లలకి మనం విడిగా చెప్పవలసి వస్తోంది.

భీం చనిపోయిన తేదీ కూడా కొన్నిచోట్ల సెప్టెంబరు, కొన్నిచోట్ల అక్టోబరు అని కనిపిస్తుంది. జోడేఘాట్‌కి నడిచివెళ్లే గోండులకి ఆ తగువు లేదు. వాళ్లకి అది ఆశ్వయుజ పౌర్ణమి. ఆకాశంలో చంద్రుణ్ణి చూసి గుర్తుపెట్టుకున్నారు.

ఈ మాట అన్నప్పుడల్లా నాకు మార్క్వెజ్ కృతజ్ఞతల పేజీలోని ఇంకో సంగతి జ్ఞాపకం వస్తుంది. క్యూబాకి చెందిన ఒక భూగోళ శాస్త్రవేత్త, ఒక ఖగోళ శాస్త్రవేత్త కూర్చుని, 19వ శతాబ్దం మొదటి ముప్పై ఏళ్లలో ఏయే రాత్రుల్లో నిండు చంద్రుడు ఉన్నాడో లెక్కకట్టి ఆయనకి జాబితా ఇచ్చారు. జనరల్ నిద్రపట్టక నది ఒడ్డున నడిచే రాత్రి, నీళ్ల మీద వెన్నెల ఉండవచ్చా లేదా తెలుసుకోవడం కోసం. ఆ రాత్రి ఆయన మనసులో ఏముందో రచయిత కల్పించుకుంటాడు. ఆ హక్కు ఆయనది. చంద్రుణ్ణి మాత్రం కల్పించడు. మామిడిపండు దగ్గర ఆగిన చెయ్యి ఇదే.

చివరిగా ఒక సంగతి, ఇది నవలలోది కాదు. బొలీవర్‌కి చివరి రోజుల్లో వైద్యం చేసిన ఫ్రెంచి డాక్టరు రెవెరాన్ రోజూ రోగి పరిస్థితి రాసిపెట్టాడు. చనిపోయాక శవపరీక్ష చేసి, బట్టలు తొడిగే పని కూడా ఆయన మీదే పడింది. స్పెయిన్‌ని ఖండం నుంచి వెళ్లగొట్టిన మనిషి చనిపోయిన ఇల్లు ఒక స్పెయిన్ దేశస్థుడిది. డాక్టరు చేతికి ఇచ్చిన చొక్కా చినిగి ఉంది. చినిగిన చొక్కా నేను తొడగను, లేకపోతే నాదే ఒకటి తెప్పిస్తాను అన్నాడు డాక్టరు. అప్పుడు లౌరెన్సియో సిల్వా అనే సేనాని తన చొక్కా తెప్పించి ఇచ్చాడు. బొలీవర్‌ని అందులోనే పడుకోబెట్టారు.

ఇదే దృశ్యం ఏ నవలలోనైనా ఎదురైతే, ఇది మరీ ఎక్కువైందని పెన్సిలుతో పక్కన గీత పెట్టేదాన్ని. డాక్టరు జ్ఞాపకాల్లో ఉంది. గీత చెరిపేశాను.